ఆపతి డబ్బా

మా దర్వాజ మీద, దేవుని పటం పక్క మేకుకు
ఇరవై లీటర్ల రంగు డబ్బా వేలాడుతది.
మా ఆయన పెయింటర్, డబ్బాలకు కరువు లేదు.
అందుల ఏముందని వచ్చినోళ్లంతా అడుగుతరు.
మా అత్త బుచ్చవ్వ "తొక్కు" అంటది.

తొక్కు కాదది.
మూసారాంబాగ్‌ల, మూసీకి మూడు గల్లీల ఇవతల,
పాలిథిన్‌ల చుట్టిన రేషన్ కార్డు,
పిల్లల పుట్టిన కాయితాలు,
పది రోజులకు సరిపడ ఆమె షుగర్ గోలీలు,
జాతరల కొన్న ఎర్ర విజిల్, ఒక బ్యాటరీ లైటు,
ముట్టినోళ్ల చెయ్యి విరుగుతదని చెప్పి పెట్టిన ఐదొందలు.

నాకు చిరాకు.
పొద్దుగూకే యాళ్ల వరద ముచ్చట తియ్యకత్తా,
తథాస్తు దేవతలు తిరుగుతుంటరు అంటి.
ఆమె తమలపాకు నములుకుంట,
"వాళ్లు తథాస్తు అనకముందే
ఈ నది నా పెండ్లి చీర తీస్కపోయింది.
దేవతలకేం తెల్వదు పిల్లా,
నీళ్లకు దారి తెలుసు" అన్నది.

కాయితం తడుస్తది, ఫోను సస్తదని
తలుపు లోపలి దిక్కు
మిగిలిన నీలి ఎనామిల్‌తో నంబర్లు రాయించింది.
పిల్లలు పదమూడో ఎక్కం మరిచినా అవి మరవలే.
ఐతారం వస్తే ఆట.
మెయిన్ బంద్ చేసి ఒకటి, రెండు లెక్కబెడ్తది.
ఎవరెటున్నా, ఎవరి కోసం ఆగకుండ
బడి మెట్ల కాడ, మూడో మెట్టు మీద కలవాలె.
ముందొచ్చినోళ్లకు పల్లిపట్టి.
పట్టి కోసం గల్లీ పోరగాండ్లు సుత జమైతుండె.
నేను తలుపు సందుల నిలబడి
చీకట్ల పప్పు మాడుతుందని తిట్టుకునేదాన్ని.

ఆ రాత్రి తథాస్తు ఎవరన్నరో తెల్వదు.
గేట్లెత్తిండ్రని మైకుల చెప్పిండ్రట,
వాన చప్పుడుకు మాకు వినబడలే.
కాళ్లకు సల్లగ తగిలితే లేచిన.
మంచం కింద చెప్పులు పడవలై తిరుగుతున్నయి.
మా ఆయన కూకట్‌పల్లిల పని మీద ఉండె.
డబ్బా దించిన. లైటు నొక్కిన.
ఎలగలే.
అండ్ల సెల్లులు పోయిన నెల నేనే తీసి
టీవీ రిమోట్ల ఏసిన.
ఈ పొద్దు దాక అత్తకు ఆ సంగతి చెప్పలే.

ఇరవై ఏండ్లు ఊడ్చిన ఇంట్ల నాకు తోవ దొరకలే.
తొమ్మిదేండ్ల అఖిలేశ్ నా చెయ్యి పట్టి
"ఎడమకు పదకొండు అడుగులమ్మా, తర్వాత గోడ" అన్నడు.
మా ఇంట్ల ఆట ఆడనిదాన్ని నేనొక్కదాన్నే.

మూడో మెట్టు. లెక్కబెట్టిన.
అత్త, అఖిలేశ్, సంజన, నేను.
మళ్ల లెక్కబెడ్తే ఐదు.
మూలకు ముడుచుకొని ఆఫ్రీన్, పక్కింటి రుక్సానా బిడ్డ,
ఆరేండ్ల పిల్ల, తడిసిన ఫ్రాకు.
కరెంటు పోంగనే ఉరికొచ్చిందట.
"నానీ, నేనే ఫస్టొచ్చిన. పట్టి ఏది?"

కింద గల్లీల, నడుము లోతు నీళ్లల్ల, రుక్సానా
ఆ పేరే పిలుచుకుంట
వెనక్కి, ఇంట్లకు పోతున్నది.
ఆట సంగతి ఆమెకెవరూ చెప్పలే.
అత్త విజిల్ ఊదింది.
డెబ్బై ఏండ్ల ఊపిరి,
ఊదింది, దగ్గింది, మళ్ల ఊదింది.
రుక్సానా తిరిగి సూసింది.

ఇప్పుడు మా గోడ మీద నా రొమ్మెత్తున నీటి గీత.
దాని కింద నీలి నంబర్లు అట్లనే ఉన్నయి.
రుక్సానా ఇంట్ల సుత ఒక డబ్బా వేలాడుతున్నది,
ఏముందే అంటే "అచార్" అంటది.
ఐతారం మెయిన్ బంద్ చేసేది ఇప్పుడు నేను.
అమాసకు అమాసకు సెల్లులు మారుస్త.

మొన్న రిమోట్ పని చెయ్యలే.
మ్యాచ్ నడుస్తున్నది.
మా ఆయన డబ్బా దిక్కు సూసిండు.
నేను ఆయన దిక్కు సూసిన.
లేచి పోయి
చేత్తోనే చానల్ మార్చుకున్నడు.